ఒడ్డు ఎన్ని గంటలు? నడిసముద్రంలో ప్రాణం మీదికొస్తే జరిగేదేమిటి

మా మామయ్యది సోంపేట మండలం బారువ. లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. చిన్నప్పటి నుంచి సముద్రం ఒడ్డునే తిరిగిన మనిషి. అర్ధరాత్రి రెండింటికి, థాయ్‌లాండ్‌లోని పుకెట్ దాటి వచ్చాక సముద్రం మధ్యలో, ఓడ కింది అంతస్తులో ఉన్న చిన్న ఆసుపత్రి మంచం మీద పడుకుని నన్ను ఒక్కటే అడిగారు: "ఒరే, ఒడ్డు ఎన్ని గంటల్రా?"

ఎన్ని కిలోమీటర్లని అడగలేదు. బారువలో చేపల వేటకెళ్లేవాళ్లు దూరాన్ని గంటల్లోనే చెప్పుకుంటారు. గాలి ఎదురైతే అదే దూరం పెరుగుతుంది, కలిసొస్తే తగ్గుతుంది. ఆ రాత్రి ఆ ప్రశ్నకు డాక్టరు ఇచ్చిన జవాబు ఆరు గంటలు. ఆ ఆరు గంటల్లో ఎవరు ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నారో నాకు అర్థం కావడానికి ఇంటికొచ్చాక చాలా రోజులు పట్టింది. చదివి, ఓడల మీద పనిచేసే మన ఊరి కుర్రాళ్లను అడిగి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

మా ఒక్క ఇంటి సంగతే అయితే రాసేవాణ్ని కాదు. 2022 జూన్‌లో చెన్నై నుంచి క్రూజ్ ఓడ, అంటే విహారయాత్ర ఓడ, విశాఖ వచ్చి వెళ్లింది. 2023 సెప్టెంబరులో విశాఖలో అంతర్జాతీయ క్రూజ్ టెర్మినల్ ప్రారంభమైంది. అప్పటి నుంచి శ్రీకాకుళంలో, విజయనగరంలో పెళ్లి భోజనాల దగ్గర కూడా క్రూజ్ మాట వినిపిస్తోంది. సింగపూర్‌లోనో అమెరికాలోనో ఉన్న పిల్లలు, అమ్మానాన్నలు చూడటానికి వెళ్తే నాలుగు రోజులు ఓడ ఎక్కించడం మామూలైపోయింది. ఎక్కేవాళ్లలో ఎక్కువమంది అరవై దాటినవాళ్లు. ఒకరికి బీపీ, ఒకరికి షుగరు, ఒకరికి గుండెలో స్టెంటు. అడిగితే అందరూ దాదాపు ఒకే మాట అంటారు: ఓడలో డాక్టరు ఉంటాడు, అవసరమైతే హెలికాప్టర్ వస్తుంది, అదీ కాకపోతే కెప్టెన్ ఓడను ఒడ్డుకు తిప్పేస్తాడు. ఈ మూడింటిలోనూ నిజం ఉంది. ఎంతవరకు నిజమన్నదే మనం తెలుసుకోవాల్సింది.

ముందు డాక్టరు సంగతి. 2006 నాటి సముద్ర కార్మికుల ఒప్పందం ప్రకారం, వందమందికి తగ్గకుండా మనుషులను ఎక్కించుకుని మూడు రోజులకు మించి దేశాల మధ్య తిరిగే ఓడలో అర్హత ఉన్న డాక్టరు ఉండి తీరాలి. మన దేశం ఈ ఒప్పందాన్ని 2015లో ఆమోదించింది. పేరులోనే ఉన్నట్టు అది ఓడ సిబ్బంది కోసం రాసుకున్నది. సిబ్బందికి వైద్యం ఖర్చు యజమానిది, ప్రయాణికుడికి మాత్రం ప్రతి ఇంజెక్షనుకూ బిల్లు వేస్తారు. ప్రయాణికుల వైద్యానికి పెద్ద క్రూజ్ కంపెనీలు పాటించేది అమెరికా అత్యవసర వైద్యుల సంఘం రాసిన మార్గదర్శకాలు. ప్రతి వెయ్యిమందికి కనీసం ఒక పడక, ఓడకు కనీసం ఒక ఐసీయూ పడక, ఈసీజీ, ఎక్స్‌రే, రక్తపరీక్షల యంత్రం, ఆగిన గుండెకు షాక్ ఇచ్చే పరికరం, వెంటిలేటరు, గుండెపోటులో గడ్డను కరిగించే మందు ఉండాలని అవి చెబుతాయి.

చదివితే ఘనంగానే ఉంటుంది. మన మండలాల్లో పీహెచ్‌సీకి ఇందులో సగం కూడా ఉండదు. అయితే పీహెచ్‌సీకి గుమ్మం ముందు రోడ్డు ఉంటుంది. ఫోన్ చేస్తే 108 వస్తుంది, టెక్కలికో శ్రీకాకుళానికో తీసుకెళ్తుంది. ఓడ ఆసుపత్రికి రోడ్డు లేదు. అందుకే అక్కడి డాక్టరు పని రోగిని ఒడ్డు చేరేదాకా నిలబెట్టడం. పూర్తిగా బాగుచేయడానికి కావాల్సినవన్నీ ఒడ్డు మీదే ఉన్నాయి. గుండెపోటు, పక్షవాతం రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ తేడా బాగా తెలుస్తుంది.

గుండెపోటు వస్తే ఈసీజీ తీసి చాలాసార్లు నిమిషాల్లో గుర్తుపట్టొచ్చు. గడ్డ కరిగించే మందు ఓడలోనే ఉంటుంది కాబట్టి ఇచ్చేస్తారు. స్టెంటు వేయలేరు గానీ కొంత సమయం సంపాదిస్తారు. పక్షవాతం అలా కాదు. మెదడులో గడ్డకట్టిందా, రక్తనాళం చిట్లిందా అన్నది పైకి చూసి చెప్పలేం, సీటీ స్కాన్ తీయాలి. గడ్డకట్టినవాడిని కాపాడే మందే, చిట్లినవాడికి ఇస్తే ప్రాణం తీస్తుంది. మామూలుగా ఆ మందు ఇవ్వాల్సిన గడువు నాలుగున్నర గంటలు. క్రూజ్ ఓడల్లో సీటీ స్కాన్ సాధారణంగా ఉండదు. మందు అలమారాలో ఉన్నా డాక్టరు చెయ్యి కట్టేసినట్టే. రక్తం సంగతి ఇంకా కష్టం. బ్లడ్ బ్యాంకు ఉండదు. కడుపులో రక్తస్రావం అయితే, రక్తం ఇవ్వగలవాళ్లు ఎవరైనా ఉన్నారా అని మైకులో ప్రయాణికులనే అడిగిన సందర్భాలున్నాయి.

ఇక మా మామయ్య. ఉద్దానం మనిషి అంటే చాలు, ఇక్కడివాళ్లకు మిగతాది అర్థమైపోతుంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, వజ్రపుకొత్తూరు, ఎటు వెళ్లినా కిడ్నీ జబ్బు లేని వీధి దొరకదు. దశాబ్దాలుగా పరిశోధిస్తున్నా కారణం ఇదీ అని తేలలేదు. మామయ్యకు కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె, క్రియాటినిన్, 1.9 దగ్గర కొన్నేళ్లుగా నిలకడగా ఉంది. మందులు వేళకు వేసుకుంటారు, ఉప్పు తగ్గించారు. బయటికి చూస్తే ఆరోగ్యంగా ఉన్నట్టే. సింగపూర్‌లో ఉన్న మా వదిన, అంటే ఆయన కూతురు, మలేసియాలోని పెనాంగ్, పుకెట్ మీదుగా వెళ్లొచ్చే ఓడకు టికెట్లు తీసింది.

పుకెట్ చేరకముందు రాత్రే ఆయనకు వాంతులు మొదలయ్యాయి. ఎవరికీ చెప్పలేదు. దానికి ఒక కారణం ఉంది, అది చెప్పాలి. ఓడల్లో వాంతులు, విరేచనాలు అనగానే ముందు అనుమానించేది ఒకరి నుంచి ఒకరికి ఇట్టే అంటుకునే నోరోవైరస్‌ని. ఒకే వంటగది, ఒకే మెట్ల రెయిలింగు, వేలమంది చేతులు. చేతికి రాసుకునే శానిటైజర్ దాని మీద పెద్దగా పనిచేయదు, సబ్బుతో కడుక్కోవాల్సిందే. అమెరికా రేవులకు వచ్చే ఓడల్లో ప్రయాణికుల్లో గానీ సిబ్బందిలో గానీ మూడు శాతం మందికి సోకితే ఆ సంగతి అక్కడి ప్రభుత్వ సంస్థ బయటపెడుతుంది. అందుకని లక్షణాలు ఉన్నవాళ్లను గదిలోంచి కదలనివ్వరు. మామయ్యకు 2020 గుర్తుంది. జపాన్ యోకోహామా రేవులో డైమండ్ ప్రిన్సెస్ ఓడ కొవిడ్‌తో ఆగిపోయి, 3,711 మందిలో 712 మందికి సోకిందని టీవీలో రోజూ చూశారు. అందులో మనవాళ్లూ 138 మంది ఉన్నారు. "నా వల్ల పిల్లల సరదా ఎందుకు చెడాలి" అనుకుని బాత్రూంలో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో వాంతి చేసుకున్నారు. మోకాళ్లు నొప్పిగా ఉన్నాయని బ్యాగులోని డైక్లోఫెనాక్ మాత్రలు రెండు రోజుల్లో నాలుగు మింగారు.

నీరు పోయిన ఒంటికి ఈ నొప్పి మాత్ర తోడైతే, ముందే దెబ్బతిన్న కిడ్నీ మరీ తట్టుకోలేదు. కిడ్నీలోకి వెళ్లే రక్తం తగ్గిపోయి, వడకట్టడం ఆగిపోతుంది. బయటికి పోవాల్సిన పొటాషియం రక్తంలో పేరుకుంటుంది. అది మరీ పెరిగితే గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. అర్ధరాత్రి ఆయన మంచం దిగబోయి కాళ్లు తేలిపోయి కూలబడ్డారు. రెండు నిమిషాల్లో నర్సు, స్ట్రెచర్‌తో ఇద్దరు వచ్చారు. నాకు గుర్తున్నది డాక్టరమ్మ ఈసీజీ కాగితాన్ని లైటు కింద పెట్టి, గుడారాల్లా లేచిన గీతలను పెన్ను కొనతో ఒక్కొక్కటే తాకడం. పొటాషియం 6.8, క్రియాటినిన్ 4.6. ఆమె మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న, "నొప్పి మాత్రలేమైనా వేసుకున్నారా?" అత్తయ్య బ్యాగులోంచి ఖాళీ అట్ట తీసి చేతిలో పెట్టింది. ఒక్క మాటా అనలేదు.

ఆ తర్వాత చేసిందంతా గడియారంతో పందెం. ముందు కాల్షియం ఇంజెక్షను. అది పొటాషియాన్ని తగ్గించదు, గుండెను దాని దెబ్బ నుంచి కాస్తుంది, అదీ అరగంట నుంచి గంట దాకా. తర్వాత గ్లూకోజుతో కలిపి ఇన్సులిన్, ఉబ్బసానికి పట్టే నెబ్యులైజర్ మందు. ఇవి పొటాషియాన్ని రక్తంలోంచి కణాల్లోకి నెడతాయి. నాలుగైదు గంటల తర్వాత అది మళ్లీ రక్తంలోకి వస్తుంది. ఒంట్లోంచి బయటికి పోవాలంటే కిడ్నీ పనిచేయాలి, లేదంటే డయాలసిస్ చేయాలి. ప్రత్యేకంగా డయాలసిస్ రోగుల కోసం ముందే ఏర్పాటు చేసిన ప్రయాణాలు కొన్ని ఉన్నాయి గానీ, మామూలు క్రూజ్‌లో ఆ యంత్రం ఉండదు. మందు పనిచేసే సమయం సుమారు అయిదు గంటలు, ఒడ్డు ఆరు గంటలు. లెక్కల మాస్టారు ఆ రెండు అంకెలూ విని కళ్లు మూసుకున్నారు.

ఓడ అసలు దారి పుకెట్ నుంచి నేరుగా సింగపూర్‌కి. దాన్ని పెనాంగ్ వైపు తిప్పాలా వద్దా అన్నది డాక్టరు సలహా ఇస్తుంది, కెప్టెన్ నిర్ణయిస్తాడు. ఈ విషయంలో కెప్టెన్‌కు అంతర్జాతీయ సోలాస్ ఒప్పందం గట్టి రక్షణ ఇచ్చింది. సముద్రంలో మనుషుల ప్రాణరక్షణకు అవసరమని అతను తీసుకున్న నిర్ణయానికి ఓడ యజమాని గానీ మరొకరు గానీ అడ్డుపడకూడదు. ఇంధనం ఖర్చు, రేవు కోల్పోయిన మిగతా ప్రయాణికుల అసంతృప్తి అన్నీ ఆ తర్వాతే. ఓడ డాక్టరు ఒంటరి కూడా కాదు. ఒడ్డున ఉన్న స్పెషలిస్టులతో మాట్లాడుతుంది. ఈ పద్ధతి పాతదే. రోమ్‌లో గ్విడో గ్విడా అనే వైద్యుడు 1935లో, నడిసముద్రంలోని ఓడలకు రేడియోలో ఉచితంగా వైద్య సలహా చెప్పే కేంద్రం పెట్టాడు. దానికి మొదటి అధ్యక్షుడు రేడియో కనిపెట్టిన మార్కోనీయే. ఆ కేంద్రం ఇప్పటికీ నడుస్తోంది. డాక్టరే లేని సరుకు ఓడలకు అలాంటి గొంతే దిక్కు.

హెలికాప్టర్ ఎందుకు పిలవలేదని వదిన ఆ రాత్రి ఏడుస్తూ అడిగింది. నేనూ అదే అనుకున్నాను. ఇప్పుడు తెలిసినంతలో చెబుతాను. హెలికాప్టర్ మోసుకెళ్లగల ఇంధనాన్ని బట్టి, రకాన్ని బట్టి, అది తీరం నుంచి మహా అయితే నూట యాభై, రెండు వందల నాటికల్ మైళ్లు వచ్చి వెనక్కి వెళ్లగలదు. నాటికల్ మైలంటే దాదాపు 1.85 కిలోమీటర్లు. అంతకు మించి దూరంలో ఉంటే ముందు ఓడే దానికి ఎదురు ప్రయాణం చేయాలి. వచ్చినా చాలా ఓడల మీద అది దిగలేదు, పైన గాల్లో నిలబడి తాడుతో మనిషిని లాగాలి. ఓడ వేగం తగ్గించి, గాలి ముందుభాగానికి ఏటవాలుగా తగిలేలా తిప్పి పట్టుకోవాలి. డెక్ మీద కుర్చీలు, గొడుగులు, జెండాలు తీసేస్తారు. ప్రయాణికులను బాల్కనీల్లోకి రావద్దంటారు, రాత్రయితే ఫొటో ఫ్లాష్ పైలట్ కళ్లకు కొడుతుందని కెమెరాలు వద్దంటారు. పైనుంచి దిగే కొక్కేన్ని ఎవరూ ముందు చేత్తో పట్టుకోకూడదు. రెక్కలు తిరగడంతో హెలికాప్టర్‌కు స్థిర విద్యుత్తు ఎక్కి ఉంటుంది. కొక్కెం డెక్‌కో నీటికో తగిలి ఆ కరెంటు దిగిపోయాకే ముట్టుకోవాలి. తాడును ఓడకు కట్టడం మాత్రం ఎన్నడూ చేయకూడదు. ఇంత చేసి, సెలైను గొట్టాలు, గుండె మానిటరు తీగలు ఉన్న మనిషిని చీకట్లో ఊగుతూ పైకి లాగాలి. పైన ఆ ఇరుకులో గుండె ఆగితే చేయగలిగింది తక్కువ. "మానిటరు ముందు, నా కళ్ల ముందు ఆరు గంటలు ఉండటమే ఆయనకు మంచిది" అంది డాక్టరమ్మ. అదే రోగి రక్తస్రావంతో ఉండి, ఒడ్డు ముప్పై గంటలైతే ఆమె లెక్క ఇంకోలా ఉండేది.

మన తీరంలో అయితే ఈ పని చూసేది కోస్ట్ గార్డ్. ముంబై, చెన్నై, శ్రీవిజయపురం (పాత పోర్ట్ బ్లెయిర్)లలో దాని రక్షణ సమన్వయ కేంద్రాలున్నాయి. 1554 టోల్ ఫ్రీ నంబరు. క్రూజ్ ఓడకైనా, కళింగపట్నం నుంచో చింతపల్లి నుంచో వేటకెళ్లిన బోటుకైనా నంబరు అదే. వేటకెళ్లేవాళ్లకు బోటులో డాక్టరు లేడు, పడక లేదు. పాము కరిచినా, వించిలో చెయ్యి పడినా వాళ్లకున్నది ఆ నంబరూ, వీహెచ్‌ఎఫ్ రేడియో సెట్టూ, పక్క బోటువాళ్లూ. క్రూజ్ గురించి రాస్తూ వాళ్లను తలుచుకోకుండా ఉండలేకపోయాను.

పొద్దున ఎనిమిదికి పెనాంగ్ కనిపించింది. ఓడ రేవులోకి వెళ్లలేదు. నీటి మట్టానికి కాస్త పైన ఓడ పక్క గోడలో ఒక ఇనుప తలుపు తెరిచారు. ఒక చిన్న బోటు వచ్చి ఆనుకుంది. అల పైకి లేచినప్పుడు బోటు అంచు, తలుపు అంచు ఒక సమానానికి వస్తాయి. ఆ క్షణం కోసం నలుగురు స్ట్రెచర్ పట్టుకుని నిలబడ్డారు. ఒకసారి వదిలేశారు, రెండోసారి వదిలేశారు, మూడో అలకు దాటించారు. మామయ్య చెయ్యి మాత్రం అత్తయ్య కొంగును వదల్లేదు.

సామాను సర్దుకోవడానికి మాకిచ్చింది అరగంట. రోగితో దిగేది ఒకరిద్దరే, మిగతావాళ్లు ఓడలో వెళ్లిపోవాల్సిందే. అత్తయ్యా నేనూ దిగాం. ఇక్కడ పోర్ట్ ఏజెంట్ అనే మనిషి గురించి తెలిసి ఉండాలి. ఓడ కంపెనీ తరఫున ఆ రేవులో పనులు చూసేవాడు. అంబులెన్సు, ఇమిగ్రేషను, ఆసుపత్రిలో పడక, అన్నీ అతని ద్వారానే. వీసా లేని దేశంలో దింపాల్సి వస్తే అత్యవసర అనుమతి కోసం పరుగెత్తేదీ అతనే. మా పాస్‌పోర్టులు ఓడ రిసెప్షనులో ఉంటే, సిబ్బంది తెచ్చి ఆ తలుపు దగ్గరే ఇచ్చారు. డాక్టరమ్మ ఇచ్చిన రిపోర్టు పెనాంగ్ ఆసుపత్రిలో చూడగానే నేరుగా డయాలసిస్ గదికి తీసుకెళ్లారు. రెండుసార్లు చేశారు. మూత్రం మళ్లీ మొదలైంది. విమానం ఎక్కొచ్చని డాక్టరు సర్టిఫికెట్ ఇవ్వడానికి ఎనిమిది రోజులు పట్టింది. అది లేకపోతే విమానం వాళ్లు ఎక్కించుకోరు.

డబ్బు సంగతి దాచుకోకూడదు. ఓడ ఆసుపత్రి బిల్లు మన గది ఖాతాలో పడుతుంది, దిగేముందే కట్టాలి. ఆరోగ్యశ్రీ, ఆయుష్మాన్ భారత్ కార్డులు అక్కడ చెల్లవు. ఇక్కడ తీసుకున్న మామూలు ఆరోగ్య బీమా కూడా చాలావరకు దేశం దాటితే పనిచేయదు. ప్రయాణ బీమా ఉండాలి, అందులోనూ ఓడ ప్రయాణం, అత్యవసర తరలింపు ఉన్నాయో లేదో ముందే అడిగి రాతలో తీసుకోవాలి. అన్నిటికన్నా పెద్ద చిక్కు పాత జబ్బులు. చాలా పాలసీలు పాత జబ్బును అసలు లెక్కలోకి తీసుకోవు, లేదా ప్రాణాపాయం తప్పేదాకా అయిన ఖర్చే ఇస్తాయి. చెప్పకుండా దాచిన జబ్బు బయటపడితే అదీ ఇవ్వవు. వదిన పాలసీ తీసుకునేటప్పుడు కిడ్నీ జబ్బని రాసింది. ప్రీమియం ఎక్కువని ఇంట్లో సణిగినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ ఒక్క గీత వల్లే పెనాంగ్ ఆసుపత్రి ఖర్చులో చాలా భాగం వచ్చింది. బీమావాళ్ల సహాయ నంబరుకు ఆసుపత్రిలో చేరిన వెంటనే ఫోన్ చేయడం కూడా అంతే ముఖ్యం.

వైద్యంలో పొరపాటు జరిగితే ఎవరిని అడగాలన్నది మరో చిక్కుముడి. ఓడ ఒక దేశంలో రిజిస్టరై ఉంటుంది, కంపెనీ ఇంకో దేశానిది, డాక్టరు మరో దేశస్తుడు, చాలాసార్లు కంపెనీ ఉద్యోగి కూడా కాకుండా కాంట్రాక్టు మీద ఉంటాడు. డాక్టరు తప్పుకు ఓడ యజమాని బాధ్యుడు కాడని 1988లో అమెరికాలో ఒక అప్పీలు కోర్టు చెప్పింది. 2014లో అక్కడే మరో అప్పీలు కోర్టు, బాధ్యుడు కావచ్చని తీర్పిచ్చింది. దావా వేయడానికి ఏడాదే గడువని, ఫలానా ఊరి కోర్టులోనే వేయాలని టికెట్ వెనక రాసి ఉండటం మామూలు. కొనేముందు ఆ పేజీ ఒకసారి చదవండి. గర్భిణులైతే మరీనా. 24 వారాలు నిండబోతుంటే చాలా కంపెనీలు ఎక్కనివ్వవు, ఆరు నెలల లోపు పసిపిల్లలనూ రానివ్వవు. పైన చెప్పిన దూరం లెక్కే దానికి కారణం. చెప్పడానికి బాధగా ఉన్నా, పెద్ద ఓడల్లో శవాలను భద్రపరిచే గది కూడా ఉంటుంది. చనిపోయిన వ్యక్తి వివరాలు కెప్టెన్ లాగ్ పుస్తకంలో రాస్తాడు. ఆ తర్వాత రేవు అధికారులు, మన రాయబార కార్యాలయం కాగితాలు అయితే గానీ ఇంటికి రానివ్వరు.

అందుకే టికెట్ కొనేముందు ఓడలో ఎన్ని రెస్టారెంట్లని చూసినట్టే, పటం తీసి దారి చూడండి. ఏ రోజు, ఏ వేళ, పెద్దాసుపత్రి ఉన్న రేవు ఎన్ని గంటల్లో ఉంటుందో కెప్టెన్ లెక్కేసినట్టు వేయండి. విశాఖ నుంచి చెన్నై వెళ్లే దారిలో ఒడ్డున కాకినాడ లాంటి రేవులున్నాయి. అట్లాంటిక్ దాటే ఓడలో ఆరేడు రోజులు నీళ్లే, అందులో కొన్ని రోజులు ఏ హెలికాప్టరూ అందదు. గుండెకు స్టెంటు పడి నెలలు గడవనివాళ్లు, కిడ్నీ సగం పనిచేసేవాళ్లు రెండో రకం దారి జోలికి పోవద్దు. మీ డాక్టరును "వెళ్లొచ్చా" అని మాత్రమే అడిగితే ఆయన "వెళ్లండి" అంటారు. "ఒడ్డు పది గంటల దూరంలో ఉన్నప్పుడు నాకు ఏం రావొచ్చు, వస్తే మొదట ఏం చేయాలి, ఏ మాత్ర వేసుకోకూడదు" అని అడగండి. వాంతులైతే సిగ్గుపడకుండా మొదటి గంటలోనే చెప్పండి. గదిలో రెండు రోజులు ఉంచినా ఫరవాలేదు. మామయ్య ఆ మొదటి రాత్రే చెప్పి ఉంటే, పుకెట్ రేవులోనే ఒక సెలైనుతో సరిపోయేదేమో అని పెనాంగ్ డాక్టరు అన్నారు.

ఇప్పుడు మామయ్య క్రియాటినిన్ 2.4. మునుపటి 1.9కి దిగలేదు. పలాసలో 2023 డిసెంబరులో మొదలైన కిడ్నీ ఆసుపత్రికి రెండు నెలలకోసారి బస్సులో వెళ్లొస్తున్నారు. సాయంత్రాలు బారువ ఒడ్డుకు వెళ్తూనే ఉన్నారు. చొక్కా జేబులో పోస్టుకార్డులో సగం ఉన్న కాగితం ఒకటి ఉంటుంది. దాని మీద రక్తం గ్రూపు, ఆఖరి పరీక్ష అంకెలు, వేసుకునే మందులు, వేసుకోకూడని మందులు, వదిన ఫోన్ నంబరు, ఇంగ్లీషులో ఒకవైపు, తెలుగులో ఒకవైపు ఉంటాయి. వేసుకోకూడని మందుల వరస ఎర్ర సిరాతో అత్తయ్య రాసింది. సముద్రం గాలికి తడిసిపోతోందని పోయిన వారం సోంపేటలో లామినేషన్ చేయించి తెచ్చింది.